మలయ్ ప్రపంచపు మధ్యయుగ బంగారు నాణేలను సేకరించడం ఎలా?

చిటికెన వేలి గోరంత వెడల్పు, అర మిల్లీమీటరు దాటని మందం, సుమారు 0.6 గ్రాముల బరువు: సుమత్రా ఉత్తర తీరంలోని సముద్ర–పసై సుల్తానులు 13వ శతాబ్దం చివరి నుంచి ముద్రించిన బంగారు నాణెం కొలతలు ఇవి. దాని మీద రాజు బొమ్మ ఉండదు, సంవత్సరం ఉండదు, టంకశాల పేరు కూడా ఉండదు. అరబ్బీ లిపిలో నాలుగైదు మాటలు మాత్రం ఉంటాయి. అందులోని మేలిమి బంగారం లెక్క కడితే అర గ్రాముకు లోపే తేలుతుంది. అంటే ఈ నాణేన్ని నాణెంగా నిలబెట్టేది బంగారం కాదు. దాని మీది పేరును సరిగా చదవడం, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితం దగ్గర ఉండడం, ఈ రెండే దానికి విలువనిస్తాయి. ఈ రెండూ లేకుండా సంచి నిండా నాణేలు కొన్నా మీ దగ్గర మిగిలేది తక్కువ వన్నె బంగారం మాత్రమే. అందుకే ఈ వివరణలో కొనుగోలు చాలా ఆలస్యంగా వస్తుంది.

అడుగు 1: ఏ రాజ్యపు నాణేలో ముందుగా తేల్చుకోండి

మలయ్ ప్రపంచం అంటే నేటి మలేషియా ఒక్కటే కాదు. సుమత్రా, మలయ్ ద్వీపకల్పం, ఇప్పుడు దక్షిణ థాయ్‌లాండ్‌లో ఉన్న పటాని, జావా, బోర్నియో తీరాలు, సులవేసిలోని మకస్సర్ దాకా విస్తరించిన ఓడరేవుల లోకం అది. వీటన్నిటి నాణేలనూ ఒకేసారి పోగుచేయబూనితే దేన్నీ లోతుగా తెలుసుకోలేరు. కాబట్టి ముందుగా వాటి స్థూల రూపం తెలుసుకుని ఒక శాఖను ఎంచుకోండి.

అన్నిటికన్నా పాతవి జావా నాణేలు. సుమారు 9వ శతాబ్దం నుంచి 13వ శతాబ్దం వరకు చెలామణి అయిన ఈ బంగారు ముక్కలు గుండ్రటి బిళ్లలు కావు, చిన్న దిమ్మల్లా ఉంటాయి. ఒకవైపు నాగరి లిపిలో ‘త’ అక్షరం, మరోవైపు లోపలికి గుంటగా దిగిన చదరపు ముద్ర కనిపిస్తాయి. ఇదే కుటుంబానికి చెందిన వెండి నాణేల మీద ‘మ’ అక్షరం, నాలుగు రేకుల గంధపు పువ్వు ముద్ర ఉంటాయి. 1300 ప్రాంతం నుంచి, మజపహిత్ రాజ్యకాలంలో, జావా మార్కెట్లు చైనా రాగి కాసులకు మళ్లడంతో ఈ బంగారు, వెండి ముక్కలు వాడుక నుంచి తప్పుకున్నాయి. హిందీ చదవడం వచ్చినవారు వీటి మీది అక్షరాన్ని కొంచెం అలవాటుతో పోల్చుకోగలరు. అయితే వీటిని కాలాన్ని బట్టి వరుసలో పెట్టడం నిపుణులకే కష్టమైన పని కాబట్టి కొత్తవారికి నేను వీటిని సూచించను.

రెండో శాఖ సముద్ర–పసై, దాని తర్వాత సుమత్రా ఉత్తర కొసన ఉన్న అచే రాజ్యం. మొదలుపెట్టడానికి ఇదే తగిన చోటని నా అభిప్రాయం. పసై తొలి ముస్లిం పాలకుడిగా ప్రసిద్ధుడైన మలికుస్సాలిహ్ 1297లో మరణించినట్టు ఆయన సమాధిరాయి చెబుతుంది. ఆయన తర్వాత 1297 నుంచి 1326 వరకు పాలించిన ముహమ్మద్ పేరుతో ఉన్న నాణేలను పండితులు ఈ వరుసలో మొదటివిగా గుర్తించారు. 1524లో అచే సుల్తాను అలీ ముఘాయత్ షా పసైని జయించాడు, కానీ నాణెం తీరు మారలేదు. అదే సైజు, అదే బరువు, అదే అమరికతో అచే పాలకులు మరో రెండు శతాబ్దాల దాకా ముద్రణ కొనసాగించారు. 1607–1636 మధ్య పాలించిన ఇస్కందర్ ముడా, ఆ తర్వాత 1641 నుంచి 1699 వరకు వరుసగా సింహాసనమెక్కిన నలుగురు రాణులు ఈ వరుసలోని వారే. స్త్రీల పేరిట బంగారు నాణేలు వరుసగా వెలువడిన సందర్భాలు ప్రపంచ చరిత్రలో అరుదు కనుక, కాలం మధ్యయుగాన్ని దాటినా, మీ పరిధిని 17వ శతాబ్దం చివరి దాకా పొడిగించుకోవడంలో తప్పులేదు.

మూడోది మలయ్ ద్వీపకల్పం. కెలాంతన్, పటాని ప్రాంతాల ‘కిజాంగ్’ నాణేల మీద ఒకవైపు నాలుగు కాళ్ల జంతువు, మరోవైపు ‘మలికుల్ ఆదిల్’ అన్న బిరుదు ఉంటాయి. కిజాంగ్ అంటే జింక. కానీ కొన్ని నాణేల మీది జంతువుకు మూపురం స్పష్టంగా కనిపించడం వల్ల అది నంది నుంచి వచ్చిన రూపమని వాదించేవారూ ఉన్నారు. మలేషియా కేంద్ర బ్యాంకు చిహ్నం ఈ నాణెం నుంచే వచ్చింది. జోహోర్ నాణేలు 16వ శతాబ్దంలో మొదలవుతాయి. వాటిలో ఎనిమిది పలకల ఆకారం ప్రసిద్ధం. ఇక మెలాకా సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అంతటి వర్తక నగరం తప్పకుండా బంగారు నాణేలు ముద్రించే ఉంటుందని అందరూ ఊహిస్తారు, కానీ మెలాకా సుల్తానులవిగా స్థిరపడినవి తగరపు నాణేలు. అక్కడ బంగారు, వెండి నాణేలను 1511లో నగరాన్ని పట్టుకున్న తర్వాత పోర్చుగీసువారు కొట్టించారు. కాబట్టి ‘మెలాకా సుల్తానుల బంగారు నాణెం’ అని ఎవరైనా అమ్మజూపితే అక్కడితో మాట ఆపేయండి.

అడుగు 2: తూకాల లెక్క పట్టుబడేదాకా కొనకండి

ఈ రంగంలో కళ్లకన్నా ముందు తక్కెడ మాట్లాడుతుంది. జావా శాసనాల్లో కనిపించే పద్ధతి ప్రకారం ఒక తహిల్‌కు 16 మాసలు, ఒక మాసకు 4 కుపాంగులు. గ్రాముల్లో చెప్పాలంటే తహిల్ సుమారు 38.6, మాస సుమారు 2.4, కుపాంగ్ సుమారు 0.6. ఈ నిష్పత్తి శతాబ్దాలపాటు మలయ్ తీరాలన్నిటా ఏదో ఒక రూపంలో నిలిచింది. పసై, అచే నాణేలు, కిజాంగ్ నాణేలు 0.6 గ్రాముల చుట్టూ ఉంటే, జోహోర్, మకస్సర్‌ల పెద్ద నాణేలు 2.4 గ్రాముల చుట్టూ ఉంటాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. జోహోర్ గురించి రాసేవారు ‘మాస్’ అంటే 2.4 గ్రాముల నాణెం, దానిలో నాలుగో వంతు కుపాంగ్. అచే గురించి రాసేవారు ‘మాస్’ లేదా ‘దెర్హమ్’ అనేది మాత్రం 0.6 గ్రాముల చిన్న బిళ్లనే. వేలం జాబితాలో పేరు చూసి బరువు ఊహించుకుంటే నాలుగు రెట్లు పొరపాటు జరుగుతుంది. అందువల్ల పేరు ఏదైనా సరే, రెండు దశాంశాల వరకు బరువు, మిల్లీమీటర్లలో వ్యాసం రాసి ఇవ్వని అమ్మకందారును ముందు ఆ రెండూ అడగండి.

తెలుగువారికి ఉపయోగపడే మరో సంగతి కూడా ఉంది. మన వైపు దొరికే చిన్న బంగారు పణాలు, ముఖ్యంగా టిప్పు సుల్తాన్ కాలపు పర్షియన్ అక్షరాల పణాలు, పైపైన చూస్తే సుమత్రా నాణేల్లాగే అనిపిస్తాయి. వాటి బరువు 0.35–0.4 గ్రాముల మధ్య ఉంటుంది, వెడల్పు కూడా తక్కువ. ఒక్క తూకంతోనే ఈ రెంటినీ వేరు చేయవచ్చు. కనీసం 0.01 గ్రాము వరకు, వీలైతే 0.001 గ్రాము వరకు చూపే ఎలక్ట్రానిక్ తక్కెడ ఒకటి, డిజిటల్ కాలిపర్ ఒకటి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి ముందే సమకూర్చుకోండి. మొదటి నాణెం కన్నా ముందు మీ బల్ల మీదికి రావలసినవి ఇవే.

అడుగు 3: నాణెం మీది మాటలు చదవడం నేర్చుకోండి

అరబ్బీ భాష నేర్చుకోనవసరం లేదు. పది పన్నెండు మాటల ఆకారాలు కంటికి అలవాటైతే సరిపోతుంది. ఆ మాటల్లో మొదటిది ‘అస్సుల్తాన్ అల్ ఆదిల్’, అంటే న్యాయశీలుడైన సుల్తాను. పసై నాణేల వెనుకవైపు, తొలి అచే పాలకుల నాణేల వెనుకవైపు ఈ బిరుదే కనిపిస్తుంది.

నాణేన్ని అద్దం కింద పెట్టినప్పుడు ముందుగా నిలువు గీతలు వెతకండి. అలిఫ్, లామ్ అక్షరాలు నిలువుగా పొడుగ్గా ఉంటాయి కాబట్టి ‘అస్సుల్తాన్ అల్ ఆదిల్’లో అవి కంచె కర్రల్లాగా వరుసగా లేచి కనిపిస్తాయి. వాటి పాదాలు కిందికి వచ్చేలా నాణేన్ని తిప్పితే దిశ దొరికినట్టే. ఆ తర్వాత కుడి నుంచి ఎడమకు, కింది వరుస నుంచి పై వరుసకు చదవడానికి ప్రయత్నించండి. స్థలం చాలక చెక్కేవారు మాటలను ఒకదాని మీద ఒకటి పేర్చారు, చుక్కలను చాలాచోట్ల వదిలేశారు. అంత చిన్న బిళ్ల మీద అచ్చు కొంచెం పక్కకు జరిగినా ఒక అంచున అక్షరాలు సగం తెగిపోతాయి. అలా తెగిన భాగాన్ని ఊహతో పూరించవద్దు, కనిపించినంత వరకే రాసుకోండి.

వెనుకవైపు తెలిసిపోయాక ముందువైపుకు రండి. పసై నాణేల మీద సుల్తాను పేరు, దాని వెంట ‘మలికుజ్జాహిర్’ అనే బిరుదు ఉంటాయి. ముహమ్మద్, అహ్మద్, జైనుల్ ఆబిదీన్, అబ్దుల్లా వంటి పేర్లు తరచుగా ఎదురవుతాయి. పేరు చదవగానే రాజు దొరికాడని అనుకోకండి, ఎందుకంటే పసై వంశంలో ఒకే పేరు ఒకరికన్నా ఎక్కువమంది పెట్టుకున్నారు. జైనుల్ ఆబిదీన్ అని చదివినప్పుడు ఏ జైనుల్ ఆబిదీన్ అన్నది అక్షరాల తీరు, బరువు, వన్నె కలిపి చూసి, అప్పుడు కూడా ‘బహుశా’ అన్న మాటతోనే రాయాలి.

తొలి అచే పాలకులు పసై బిరుదునే కొనసాగించారు కనుక ‘మలికుజ్జాహిర్’ కనిపించినంత మాత్రాన నాణెం పసైది కాదు. తేడా చూపేది తండ్రి పేరు. ‘ఇబ్న్’ లేదా ‘బిన్’ అనే చిన్న మాట, దాని తర్వాత ‘అలీ’ కనిపిస్తే మీరు అలీ ముఘాయత్ షా కుమారుల కాలంలో, అంటే 1530 తర్వాతి అచేలో ఉన్నారని ఎక్కువ నమ్మకంతో చెప్పవచ్చు. 17వ శతాబ్దానికి వచ్చేసరికి ‘పాదుక’, ‘సెరి’, ‘బెర్‌దౌలత్’ వంటి రాజమర్యాద మాటలు నాణెం మీదికి వస్తాయి. 1641–1675 మధ్య పాలించిన రాణి తాజుల్ ఆలం సఫియతుద్దీన్ నాణేలు వీటిలో అందరికీ తెలిసినవి.

హైదరాబాద్‌లోనో, కర్నూలులోనో ఉన్నవారికి ఇక్కడ ఒక మంచి సౌలభ్యం ఉంది. ఉర్దూ చదవడం వచ్చిన మిత్రులు, పాత వ్రాతప్రతులు చూసిన మౌల్వీలు మీకు అందుబాటులో ఉంటారు. వారికి నాణేన్ని కాదు, దాని పెద్ద ఫొటోను చూపించండి. మీరు ఏమనుకుంటున్నారో ముందే చెప్పకుండా, వారికి ఏ అక్షరాలు కనిపిస్తున్నాయో చెప్పమనండి. మీరు పేరు చెప్పేస్తే వారి కళ్లకు కూడా అదే కనిపిస్తుంది.

అడుగు 4: కొనేముందు అసలైనవాటిని చూడండి

కౌలాలంపూర్‌లోని మలేషియా కేంద్ర బ్యాంకు మ్యూజియం, జకార్తాలోని బ్యాంక్ ఇండోనేషియా మ్యూజియం, బండా అచేలోని అచే మ్యూజియం, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం ఈ విషయంలో ముఖ్యమైనవి. మలేషియా, సింగపూర్‌లలో తెలుగువారు చాలామందే ఉన్నారు. అక్కడ ఉండేవారు కౌలాలంపూర్ మ్యూజియానికి ఒకసారి కాదు, కొన్నిసార్లు వెళ్లండి. అసలు నాణేల అంచులు, బంగారం రంగు, అక్షరాల లోతు కంటికి అలవాటు కావడానికి సమయం పడుతుంది. దూరాన ఉన్నవారు మ్యూజియంల వెబ్‌సైట్లలోని ఫొటోలను, ముగిసిన వేలాల జాబితాలను దాచుకుని బరువుతో సహా పట్టిక తయారుచేసుకోండి. మలేషియా వ్యాపారులు నాణెం పక్కన ‘ఎస్ఎస్’ అని ఒక సంఖ్య వేస్తుంటారు. అది 1986లో సరణ్ సింగ్ ప్రచురించిన నాణేల జాబితాలోని సంఖ్య. ఆ పుస్తకం దగ్గర ఉంటే అమ్మకందారు చెప్పేది నిజమో కాదో అక్కడికక్కడే పోల్చుకోవచ్చు.

అడుగు 5: చట్టం ఏమంటుందో తెలుసుకుని అప్పుడు బేరమాడండి

2013 నవంబరులో బండా అచేలోని గాంపోంగ్ పాండె దగ్గర ఆల్చిప్పలు ఏరుకునేవారికి నీటిలో పాత బంగారు నాణేలు దొరికాయి. ఆ మాట పాకగానే జనం ఎగబడి బురదలో వెతికారు. దొరికిన నాణేలలో చాలావరకు నగల దుకాణాలకు వెళ్లిపోయాయి. ఏ పాలకుడి నాణెం ఏ పొరలో, వేటి పక్కన ఉందో నమోదై ఉంటే, తేదీలు లేని ఈ వరుసను కాలక్రమంలో అమర్చడానికి అదొక గొప్ప ఆధారమై ఉండేది. అలాంటి ఆధారం ఒకసారి చెదిరితే మళ్లీ రాదు. కొనేవారు ఉన్నారన్న ఆశతోనే తవ్వేవారు తవ్వుతారు కాబట్టి, కొత్తగా నేలలోంచి తీసిన నాణేన్ని కొనకపోవడం సేకర్తగా మీ మొదటి బాధ్యత.

చట్టాలు కూడా ఇదే చెబుతున్నాయి. ఇండోనేషియాలో 2010 నాటి 11వ నంబరు సాంస్కృతిక వారసత్వ చట్టం 50 ఏళ్లు, అంతకు మించిన వస్తువుల గురించి మాట్లాడుతుంది. అలాంటివి దొరికినవారు 30 రోజుల్లోగా అధికారులకు తెలియజేయాలి, వారసత్వ వస్తువులను అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. మలేషియాలో 2005 నాటి జాతీయ వారసత్వ చట్టం ప్రకారం వారసత్వ వస్తువుల ఎగుమతికి లైసెన్సు కావాలి. కాబట్టి అచే నుంచి నేరుగా కవరులో పెట్టి పంపుతానని ఎవరైనా అంటే ఎంత చవకగా ఇచ్చినా ఒప్పుకోవద్దు. దశాబ్దాల క్రితమే బయటికి వచ్చి, పాత సేకరణల్లో ఉండి, పేరున్న వేలం సంస్థల ద్వారా రశీదుతో చేతులు మారిన నాణేలనే ఎంచుకోండి. ధర ఎక్కువే అవుతుంది, కానీ ఆ అదనపు ధర నాణెం చరిత్రకు మీరిచ్చేది.

భారతదేశంలో ఉన్నవారికి మరో మూడు విషయాలు ఉన్నాయి. 1972 పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది; దాన్ని సొంతంగా దేశం వెలుపలికి పంపడం నిషిద్ధం, పురావస్తువుల వ్యాపారం చేయడానికి లైసెన్సు ఉండాలి. అందువల్ల విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు తమ నాణేలను బంధువులకు చూపించడానికని సెలవుల్లో వెంట తెచ్చుకోవడం మంచిది కాదు, తిరిగి తీసుకువెళ్లేటప్పుడు విమానాశ్రయంలో చిక్కుల్లో పడతారు. రెండోది, విదేశీ వేలంలో కొని ఇక్కడికి తెప్పించుకోవాలనుకునేవారు పాట పాడకముందే కస్టమ్స్ ఏజెంటుతో మాట్లాడి, అప్పటికి అమల్లో ఉన్న నిబంధన, సుంకం ఎంతో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మూడోది, తీరప్రాంత గ్రామాల్లో ఇలాంటి నాణెం నేలలో దొరికితే 1878 నిక్షేపాల చట్టం కింద జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. ఇది ఊహకందని సంగతేమీ కాదు. తూర్పు చాళుక్యులైన శక్తివర్మ, రాజరాజుల బంగారు నాణేలు బంగాళాఖాతానికి అవతల, నేటి మయన్మార్‌లోని అరకాన్ తీరంలో ఉన్న చెదూబా దీవిలో దొరికాయి. 16, 17 శతాబ్దాల్లో మచిలీపట్నం నుంచి బట్టలు అచేకు వెళ్లి, బదులుగా మిరియాలు, తగరంతో పాటు బంగారం కూడా వచ్చేది.

అడుగు 6: నకిలీని పట్టుకోండి

అరబ్బీ అక్షరాలున్న చిన్న బంగారు బిళ్లను పోత పోయడం ఏ కంసాలికైనా సులువే. కాబట్టి నాణెం చేతికి రాగానే ఒక క్రమంలో చూడండి.

మొదట తూకం, వ్యాసం. తర్వాత అంచు. సుత్తి దెబ్బతో కొట్టిన నాణెం అంచు సన్నగా, అక్కడక్కడ చిన్న పగుళ్లతో ఉంటుంది. పోత నాణెం అంచు గుండ్రంగా, మెత్తగా ఉండి, ఆకురాయితో రుద్దిన గీతలు లేదా చుట్టూ తిరిగే సన్నని అతుకు కనిపించవచ్చు. అక్షరాల పక్కన నేల మీద సూది మొనంత గుంటలు ఉంటే అవి పోతలో చిక్కిన గాలి బుడగల గుర్తులు. అసలు నాణెంలో అక్షరం నేల నుంచి నిటారుగా లేస్తుంది, నకిలీలో మైనం కరిగినట్టు జారుగా ఉంటుంది.

రెండు నాణేలు ఒకేచోట అమ్మకానికి వస్తే వాటిని పక్కపక్కన పెట్టండి. ఒకే అచ్చుతో కొట్టినవాటిలో అచ్చులోని పగులు రెంటి మీదా కనిపించడం సహజం; కానీ బిళ్ల ఆకారం, అంచు మీది గాటు, ముద్ర పక్కకు జరిగిన దూరం కూడా రెంటిలో ఒకటే అయితే అవి ఒకే మూసలోంచి వచ్చినవి. దూరం నుంచి కొనేవారికి ఫొటోల మీదనే చేయగలిగిన గట్టి పరీక్ష ఇది.

నీటిలో ముంచి సాంద్రత చూసే పద్ధతి పెద్ద నాణేలకు బాగుంటుంది, ఈ చిన్నవాటికి పనికిరాదు. లెక్క చూడండి. 70 శాతం వన్నె ఉన్న బంగారం సాంద్రత సుమారు 15 అనుకుంటే, 0.6 గ్రాముల నాణెం నీటిలో కోల్పోయే బరువు 0.04 గ్రాము. మీ తక్కెడ 0.01 గ్రాము దాకానే చూపితే ఆ కొలతలో నాలుగో వంతు తేడా రావచ్చు, దానికి నాణెం మీద అతుక్కున్న గాలి బుడగ కూడా తోడవుతుంది. ఆ పరీక్ష అసలునూ చెప్పదు, నకిలీనీ చెప్పదు.

దానికి బదులు నగల బజారులో కేరట్ మీటర్ అని పిలిచే ఎక్స్-రే యంత్రం ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రానికి వెళ్లండి. పసై నాణేలు సుమారు 17 కేరట్లు, అంటే 70 శాతం చుట్టుపక్కల ఉంటాయని గుర్తుంచుకోండి. యంత్రం పైపొరనే చదువుతుంది. నేలలో పడి ఉన్న నాణెం పైపొరలోంచి రాగి, వెండి కొంత కరిగిపోవడం వల్ల వన్నె అసలు కన్నా కొంచెం ఎక్కువగా చూపవచ్చు. అయితే ఖచ్చితంగా 91.6 శాతం చూపితే అది నేటి 22 కేరట్ల బంగారంతో చేసినదని అనుమానించాలి. ఫలితంలో కాడ్మియం కనిపిస్తే ఇంకా జాగ్రత్తపడాలి, ఎందుకంటే అది మనందరికీ తెలిసిన కేడీఎం నగల అతుకులోని లోహం, మధ్యయుగపు సుమత్రాలో దానికి చోటు లేదు. ఒక్క మినహాయింపు ఉంది: అచేలో ఈ నాణేలకు కొక్కెం అతికి నగలుగా ధరించే అలవాటు ఉండేది కాబట్టి, ఆధునిక కాలంలో అతికి తీసేసిన చోట కూడా కాడ్మియం కనిపించవచ్చు. అందుకే ఒకేచోట కాక నాణెం మీద మూడు నాలుగు చోట్ల చదివించండి.

గీటురాయి మీద గీయనివ్వకండి, యాసిడ్ చుక్క వేయనివ్వకండి. ఇంత పలుచని బిళ్ల మీద ఒక్క గీటు పడినా ఒక అక్షరం పోతుంది. దుకాణంలోకి వెళ్లేముందే ఆ సంగతి స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే బంగారం అనగానే చేయి అలవాటుగా గీటురాయి మీదికే వెళుతుంది.

కొన్ని ఆధునిక నాణేలు కూడా పాతవాటి పేరుతో తిరుగుతుంటాయి. మలేషియా 2001లో విడుదల చేసిన ‘కిజాంగ్ ఎమాస్’ పెట్టుబడి నాణెం, కెలాంతన్ రాష్ట్రం 2010లో ప్రవేశపెట్టిన 4.25 గ్రాముల దీనారు ఇలాంటివే. ఇవి నకిలీలు కావు, కొత్తవి. బరువు, యంత్రపు అచ్చు నునుపు చూస్తే తెలిసిపోతాయి.

అడుగు 7: శుభ్రం చేయకండి, నమోదు చేయండి

బంగారానికి తుప్పు పట్టదు. నాణెం అక్షరాల మధ్య ఎర్రటి మట్టి పొర ఉంటే దాన్ని అలాగే ఉంచండి. కుంకుడు రసం, చింతపండు, టూత్ బ్రష్, మెరుగు పెట్టే రసాయనం, ఏదీ వద్దు. మట్టి కూడా నాణెంలో భాగమే, అది నేలలో ఉన్నదనడానికి సాక్ష్యం.

వేళ్లతో ముఖాన్ని ముట్టకుండా అంచులు పట్టుకుని, కింద మెత్తటి గుడ్డ పరిచి చూడండి. పీవీసీ వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లు వాడకండి. లోపల సరిపోయే గుంట ఉన్న గట్టి ప్లాస్టిక్ బిళ్లలో గానీ, ఆమ్లం లేని కాగితపు కవరులో గానీ పెట్టండి. స్టేపుల్ కొట్టే అట్టలు ఇంత పలుచని నాణేలను వంచేస్తాయి.

ప్రతి నాణేనికి ఒక పేజీ కేటాయించిన పుస్తకం పెట్టండి. బరువు, వ్యాసం, వన్నె, కొలిచిన యంత్రం, రెండు వైపుల ఫొటోలు, రెండు వైపుల మాటలు కనిపించినట్టుగా ఒకసారి, మీరు చదివినట్టుగా మరోసారి రాయండి. ఎవరి దగ్గర, ఏ తేదీన, ఎంతకు కొన్నారో, అంతకుముందు అది ఎవరి సేకరణలో ఉందో, రశీదు ఎక్కడ ఉందో రాయండి. అమ్మకందారు చెప్పిన గుర్తింపు వేరు, మీ గుర్తింపు వేరు అయితే రెండూ ఉంచండి. పదేళ్ల తర్వాత ఎవరైనా పరిశోధకులు పసై పాలకుల వరుసను సవరిస్తే, మీరు మార్చుకోవలసింది పాలకుడి పేరు ఒక్కటే, తూకాలు, అక్షరాలు ఎప్పటికీ పనికొస్తాయి. ఆ వివరాలను ఫొటోలతో సహా నాణేల పరిశోధకులకు అందుబాటులో ఉంచితే, తేదీలు లేని ఈ నాణేల కాలాన్ని తేల్చే పనిలో మీ వంతు సాయం అందుతుంది.

చివరిగా ఇంట్లోవారికి చెప్పండి. మన ఇళ్లలో పాత బంగారమంటే కరిగించి కొత్త నగ చేయించుకునే సరుకు. నాణేల పెట్టెలో, తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక కాగితం పెట్టండి: ఇవి ఏమిటో, వీటిని ఎందుకు కరిగించకూడదో, నమోదు పుస్తకం, రశీదులు ఏ బీరువాలో ఉన్నాయో, ఉంచుకోవడం ఇష్టం లేకపోతే ఏ మ్యూజియాన్ని అడగాలో అందులో రాయండి. కుటుంబంలో ఇద్దరికి ఆ కాగితం చదివి వినిపించి, పుస్తకం నకలు ఒకటి వారికి ఇవ్వండి.